లూట్ బాక్స్ సైటు జూదమా కాదా: తేల్చుకునే పద్ధతి

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో మీ పిల్లవాడు లూట్ బాక్సుల కోసం, అంటే లోపల ఏముందో తెలియకుండానే కొని తెరిచే వీడియో గేమ్ పెట్టెల కోసం, యూపీఐలో డబ్బు కట్టాడని తెలిస్తే, ముందుగా మూడు సంగతులు పరిశీలించండి: సొమ్ము పెట్టాడా, దక్కేది అదృష్టాన్ని బట్టేనా, దక్కినదాన్ని తిరిగి డబ్బుగా మార్చుకోవచ్చా. నల్లగొండలో బత్తాయి బుట్ట కొంటే, పులుపైనా తీపైనా, బత్తాయిలే వస్తాయి. ఈ పెట్టెల్లో ఆ భరోసా కూడా లేదు. అసలు చిక్కంతా మూడో ప్రశ్నలోనే ఉంది, ఎందుకంటే పెట్టెలో దక్కి ఆటలోనే ఉండిపోయే తుపాకీ రంగులాంటి అలంకారం వేరు, బయట డబ్బుకు అమ్ముడుపోయేది వేరు. బెల్జియం 2018లోనే డబ్బుతో కొనే పెట్టెలను జూదంగా పరిగణించింది. తెలంగాణ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ జూదాన్నీ అందులో చేర్చగా, కేంద్రం 2025లో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అందువల్ల గెలిచినదాన్ని సొమ్ము చేసుకోనిచ్చే సైటును జూదంగానే భావించి దూరంగా ఉంచడం మేలని నా అభిప్రాయం. మోసం జరిగితే చెల్లింపు వివరాలు భద్రపరచి, వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి.