డిసెంబర్ రాకముందే మ్యాప్ సరిచూసుకోండి: స్టోట్ ట్రాప్ లైన్ల జాగ్రత్తలు

న్యూజిలాండ్‌లో డిసెంబర్ అంటే ఎండాకాలం మొదలు. వసంతంలో పుట్టిన స్టోట్ పిల్లలు తల్లిని వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ బయలుదేరేది ఈ రోజుల్లోనే. వెల్లింగ్టన్‌లో నాలాగే వారాంతాల్లో ట్రాప్ లైన్ (అడవిలో వరసగా పెట్టిన ఉచ్చుల పెట్టెలు) చూసే తెలుగువాళ్ల కోసం, ఈ ఏడాది కొత్తగా చేరబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

స్టోట్‌ను చూడనివాళ్లు ముంగిసను ఇంకా చిన్నగా, సన్నగా ఊహించుకోండి. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, తోక చివర నల్ల కుచ్చు. కుందేళ్ల బెడద తగ్గుతుందని 1880లలో దీన్ని ఇక్కడికి తెచ్చి వదిలారు. ఇప్పుడది ఎగరలేని కివి పక్షుల పిల్లల్ని తింటోంది. కాపలా లేని అడవుల్లో వంద కివి పిల్లలు పుడితే పెద్దయ్యేవి ఐదో ఆరో. కిలో బరువు దాటితేనే కివి దాన్ని ఎదిరించగలదు. ఎలుకలు, పోసమ్‌ల (చెట్లెక్కే సంచి జంతువులు)తో పాటు స్టోట్ జాతిని కూడా 2050 నాటికి దేశంలో లేకుండా చేస్తామని ప్రభుత్వం 2016లో ప్రకటించింది. వెల్లింగ్టన్ పడమటి కొండల్లో క్యాపిటల్ కివి ప్రాజెక్టువాళ్లు సుమారు 24,000 హెక్టార్లలో 4,600 దాకా ట్రాపులు పెట్టి, ఆ తర్వాతే 2022 నవంబర్‌లో కివిలను తెచ్చి వదిలారు. అంత పెద్ద ప్రాంతాన్ని మనిషి కన్ను ఒక్కటే కాయలేదు. ఏ ట్రాప్ ఎక్కడుందో చూపే మ్యాప్ కావాలి.

ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఆడ స్టోట్ పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే మగది వచ్చి వాటితో జతకడుతుంది. అంటే డిసెంబర్‌లో బయటికొచ్చే ఆడ స్టోట్ పిల్ల దాదాపు ప్రతిదీ వచ్చే వసంతానికి ఈనడానికి సిద్ధంగానే ఉంటుంది. మీ లైన్‌లోని ఖాళీలోంచి ఒక్క ఆడది జారుకున్నా చాలు, ఏడాది తిరిగేసరికి అక్కడ ఒక కుటుంబం ఉంటుంది.

అందుకే నవంబర్‌లోనే మ్యాప్ తెరిచి ముందు ఖాళీలు వెతకండి. స్టోట్ కోసమైతే మామూలుగా లైన్ మీద 100 నుంచి 200 మీటర్లకు ఒక ట్రాప్ ఉండాలి, లైన్‌కూ లైన్‌కూ మధ్య కిలోమీటరు మించకూడదు. ఆడది తిరిగే మేర మగదానికంటే చిన్నది కాబట్టి పెద్ద ఖాళీ ఉంటే దాని బతుకంతా ఆ ఖాళీలోనే గడిచిపోతుంది, ఒక్క ట్రాప్ పెట్టె కూడా దానికి ఎదురుపడదు. ఎలుకలకు ఈ లెక్క చాలదు, వాటికి ఇంకా దగ్గర దగ్గరగా పెట్టాలి. రెండింటినీ ఒకే కొలతతో చూడకండి.

మ్యాప్ మీద దూరం వేరు, కాళ్ల కింద దూరం వేరు. 35 డిగ్రీల వాలు మీద మ్యాప్‌లో 100 మీటర్లు అంటే నేల మీద 120 మీటర్ల పైమాటే. నిలువు కొండల్లో ఇంకొక పెట్టె అదనంగా పడుతుంది. చుక్కలు సమదూరంలో ఉన్నాయా లేదా అన్న దానికంటే స్టోట్ నడిచే దారిలో ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. మన ఊళ్లలో ఎలుక పొలం గట్టు వెంబడి పోయినట్టే, ఇదీ అడవి అంచు, వాగు ఒడ్డు, కంచె, కాలిబాట పట్టుకునే పోతుంది. ఉపగ్రహ చిత్రం వేసుకుని ఆ గీతల మీద చుక్కలున్నాయో లేదో చూడండి.

జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మొద్దు. దట్టమైన చెట్ల కింద, లోయల్లో పది ఇరవై మీటర్లు తేడా సులువుగా వస్తుంది. మా లైన్‌లో 14వ పెట్టె మ్యాప్‌లో వాగుకు ఇవతల ఉండేది. నిజానికి అది అవతలి గట్టున, ఫెర్న్‌ల కింద ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు రెండుసార్లు వెతికారు, దొరకక "ఖాళీ" అని నమోదు చేశారు. తర్వాత నేను వెళ్లి మూత తీస్తే లోపల ఎరగా పెట్టిన గుడ్డు ఎండిపోయి ఉంది, ట్రాప్ ఎప్పుడో పేలిపోయి (స్ప్రింగు విడిపోయి) ఉంది. రెండు నెలలు అక్కడ ట్రాప్ లేనట్టే లెక్క. మ్యాప్ మీద మాత్రం నిక్షేపంగా ఒక పచ్చ చుక్క! పెట్టె దొరక్కపోతే "దొరకలేదు" అనే రాయండి. పెట్టె దగ్గర ఒక నిమిషం ఆగి, ఫోన్ స్థిరపడ్డాకే లొకేషన్ తీసుకోండి, పక్కన ఉన్న గుర్తు కూడా ఒక మాట రాయండి.

స్టోట్‌లు ఎక్కువ పడిన చోట ఎర్రగా, తక్కువ పడిన చోట లేతగా చూపించే మ్యాపులతో ఇంకో చిక్కుంది. వారానికోసారి చూసే లైన్‌నూ నెలకోసారి చూసే లైన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకసారి పేలిన ట్రాప్, మళ్లీ సెట్ చేసేదాకా ఇంకేమీ పట్టదు. కాబట్టి ట్రాప్-రాత్రుల లెక్కన చూడాలి. పది ట్రాపులు ముప్పై రోజులు పనిచేస్తే 300 రాత్రులు. ఆరు పడితే వంద రాత్రులకు రెండు. కచ్చితమైన లెక్క కావాలంటే, పట్టినా పట్టకపోయినా పేలి ఉన్న ఒక్కో ట్రాప్‌కు, గతసారి చూసినప్పటి నుంచి గడిచిన రాత్రుల్లో సగం తీసేయడం ఆనవాయితీ. లేత రంగు చూసి ధీమా పడకుండా, అక్కడ ట్రాకింగ్ టన్నెళ్లు (లోపల సిరా పూసిన అట్ట ఉండే చిన్న గొట్టాలు) పెట్టి పాదముద్రలు పడుతున్నాయేమో చూడండి.

ఇక చేతుల జాగ్రత్త. డాక్ 200 ట్రాప్ (ఇక్కడ స్టోట్‌ల కోసం ఎక్కువగా వాడే స్ప్రింగు ఉచ్చు) వేలు విరిచేంత బలంగా కొడుతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు సేఫ్టీ క్లిప్ వేయండి, అన్నిటికంటే చివర్లో తీయండి. పిల్లల్ని వెంట తెస్తే పెట్టెకు దూరంగా నిలబెట్టండి. గ్లవ్స్ తప్పనిసరి, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవొద్దు.

కౌరి చెట్లను చంపే తెగులు బూట్ల మట్టితో పాకుతుంది కాబట్టి, ఆక్లాండ్‌వాళ్లు ఆ చెట్ల దగ్గరకు వెళ్లేముందు, వచ్చాక బూట్లు శుభ్రం చేసే చోట ఆగి తీరాలి. విషపు ఎర బోర్డు కనిపిస్తే కుక్కను వెనక్కి తీసుకెళ్లిపోండి.

అడవిలో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పవర్ బ్యాంక్ పెట్టుకోండి. ఏ లైన్, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లోవాళ్లకు రాసిచ్చి వెళ్లండి. ఆ టైం దాటి ఎంతసేపు ఆగాక 111కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే రాయండి. మా ఇంట్లో అది ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటుంది.