మిరుగు లోపు ఇల్లు లేపుతున్నారా? రోబో ఇసుక దుమ్ముతో జాగ్రత్తలు

సంక్రాంతి పోయి మాఘం రాగానే నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ అంతటా కొత్త ఇళ్ల పునాదులకు ముగ్గులు పోస్తారు. మిరుగు (మృగశిర కార్తె) వచ్చేలోపు స్లాబ్ పడాలని ఇంటాయనకు టెన్షన్, మేస్త్రికి అంతకన్నా ఎక్కువ టెన్షన్. ఈ తొందరలో ఎవరికీ పట్టని విషయం ఒకటుంది. పని జోరుగా సాగే ఈ నాలుగైదు నెలల్లోనే వాన ఉండదు. లేచిన దుమ్మును కిందికి దించేదేమీ ఉండదు. ఉదయం లేచిన దుమ్మునే వీధి వీధంతా సాయంత్రం దాకా పీలుస్తుంది. అందుకే ఈ జాగ్రత్తలు ముగ్గు పోయకముందే చూసుకోవాలి. పని మొదలయ్యాక మేస్త్రికి చెప్పినా ఆయన వినే పరిస్థితిలో ఉండడు.

ముందే ఒక మాట. నేను రోబో ఇసుకకు, అంటే రాయిని మిషన్‌లో పగలగొట్టి చేసే ఇసుకకు, వ్యతిరేకిని కాను. దుందుభి వాగులో, ఊకచెట్టు వాగులో, మూసీలో ఇసుక మేట ఉంటేనే పక్క పొలాల బోర్లలో నీళ్లుంటాయి. వచ్చిన వరదను పట్టి ఉంచి మెల్లగా భూమిలోకి దించేది ఆ ఇసుకే. దాన్ని అడుగుదాకా తోడేస్తే వాగు ఉత్త కాలువ అవుతుంది. భూగర్భ జలాలు దెబ్బతినేలా ఇసుక తవ్వకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతూనే ఉంది. కాబట్టి రాయిని పగలగొట్టి చేసిన ఇసుక వాడటం మంచి పనే. కాకపోతే వాగును కాపాడామని ఆ రాతి పొడిని కూలీల ఊపిరితిత్తుల్లోకి ఎక్కించకూడదు.

అసలు తేడా ఎక్కడంటే, ఏటి ఇసుకను నీళ్లు ఏళ్ల తరబడి కడిగాయి. సన్న పొడి ఎప్పుడో కొట్టుకుపోయింది. మిషన్‌లో పగలగొట్టిన రాయిలో ఆ పొడి అలాగే ఉంటుంది. కాంక్రీటులో వాడే ఇసుకకు ఐఎస్ 383 అనే ప్రమాణం ఉంది. 2016లో దాన్ని సవరించారు. 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి సహజ ఇసుకలో బరువును బట్టి 3 శాతం దాటకూడదని, రాయి నుంచి చేసిన ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చని అది చెబుతుంది. 75 మైక్రాన్లంటే దాదాపు తల వెంట్రుక మందం. ఆ పొడి కాంక్రీటుకు పెద్దగా చెరుపు చేయదు, సందులు పూడ్చి మేలు కూడా చేస్తుంది. కానీ అందులో 10 మైక్రాన్ల లోపుది పీఎం10 (గాలిలో తేలే సన్న ధూళి) కిందికి వస్తుంది, ఇంకా సన్నది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. మన దగ్గర రాయి కొట్టే క్రషర్లకు వెళ్లేది ఎక్కువగా గ్రానైటే. అందులో ఐదో వంతు నుంచి సగం దాకా పలుగురాయి ఖనిజమే, అంటే సిలికా. అప్పుడే పగిలిన సిలికా రేణువు అంచులు పదునుగా ఉంటాయి. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే జబ్బు సిలికోసిస్. ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, మళ్లీ మామూలు కాదు. టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. సిలికా ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే పెట్టారు.

పట్టణం సంగతికొస్తే, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరుతో పాటు నల్గొండ కూడా ఉంది. గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితా అది. తర్వాత మున్సిపాలిటీ పని చేసింది, 2024 స్వచ్ఛ వాయు సర్వేక్షణ్‌లో 3 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల్లో నల్గొండకు రెండో స్థానం వచ్చింది. సంతోషమే. కానీ రోడ్లు ఊడ్చే మిషన్ ఎన్ని సార్లు తిరిగినా, గల్లీకో ఇసుక కుప్ప రోడ్డు మీద పోసి ఉంటే ఏం లాభం? బండ్ల టైర్లు దాన్ని నలిపి ఇంకా సన్నగా చేసి పైకి లేపుతుంటాయి. పీఎం10కు మన దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఎండాకాలం పొడి రోడ్డు పక్కన అది దాటడానికి పెద్ద ఫ్యాక్టరీ ఏమీ అక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు. రోబో సాండ్ అని చెప్పి క్రషర్ డస్ట్ దింపి పోవడం మామూలైపోయింది. రెండూ బూడిద రంగే కాబట్టి ట్రాక్టర్ మీద చూస్తే తేడా తెలియదు. డస్ట్ అంటే కంకర కొట్టగా మిగిలిన పొడి. అసలు రోబో ఇసుకను ఇసుక కోసమే వేరే మిషన్‌లో కొట్టి, నీళ్లతో కడిగి గానీ గాలితో గానీ పొడి తీసేస్తారు. గుప్పెడు తీసుకుని వెలుతురులో చూడండి. మంచి ఇసుక గింజ అన్ని వైపులా ఇంచుమించు సమానంగా ఉంటుంది. డస్ట్‌లో చపటా రేకులు, సూది ముక్కలు కనిపిస్తాయి. తర్వాత అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ చిన్న పని చేయండి. నిలువు గాజు సీసాలో మూడో వంతు ఇసుక పోసి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు నింపి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా పెట్టండి. గింజ ఇసుక క్షణాల్లో కిందికి దిగుతుంది. దాని మీద మెల్లగా ఒక పొర పేరుకుంటుంది. ఆ పొర బూడిద రంగులో ఉంటే రాతి పొడి, ఎర్రగా ఉంటే మట్టి. మట్టి కలిసిన లోడ్ అసలు వద్దు. బూడిద పొర కూడా కళ్లకు కొట్టొచ్చినట్టు మందంగా ఉంటే ఇంకో చోట చూసుకోండి. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు. రెండు చోట్ల ఇసుకను పక్కపక్కన పెట్టి పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. వీలైతే కడిగిన ఇసుకే అడగండి, తడిగా ఉన్నప్పుడే తెప్పించుకోండి. లోడ్ మీద టార్పాలిన్ పట్టా కట్టి రావాలని ముందే మాట్లాడుకోండి.

దింపే చోటు ఇంటి జాగాలోనే ఉండాలి. జాగా లేకపోతే ఒకేసారి పది ట్రిప్పులు తెప్పించకుండా, వారానికి సరిపడా తెప్పించుకోండి. కుప్ప మీద పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టండి. ఇసుక, మట్టి కప్పకుండా వదలకూడదని, రాయి కోసేటప్పుడు నీళ్లు వాడాలని 2018లో కేంద్రం పర్యావరణ నిబంధనల్లోనే చేర్చింది.

ఇప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించే పని గురించి. ప్లాస్టరింగ్ ముందు ఇసుక జల్లెడ పడతారు. జల్లెడను ఏటవాలుగా నిలబెట్టి ఒకామె పారతో ఎత్తి కొడుతుంటే, ఇంకొకామె కింద పడ్డది లాగుతుంటుంది. కొట్టిన ప్రతిసారీ దుమ్ము లేచి ఆమె ముఖం మీదికే వస్తుంది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుంటుంది. గంట గడిచేసరికి కనురెప్పలు, కనుబొమ్మలు తెల్లబడతాయి. ఆ కొంగు కంటికి కనిపించే దుమ్మునే ఆపుతుంది, ప్రాణం తీసే సన్నది దాంట్లోంచి దూరిపోతుంది. తడిపి జల్లెడ పట్టమంటే కుదరదు, తడి ఇసుక జల్లెడ సన్న కన్నాల్లోంచి దిగదు. అందుకే దీనికి ఒకటే దారి. ప్లాస్టరింగ్ కోసం జల్లించి కడిగిన ఇసుక వేరుగా అమ్ముతారు, అదే కొనండి. రేటు కొంచెం ఎక్కువే, కానీ ఇద్దరు మనుషులకు ఆ పని తప్పుతుంది. పైగా పొడి ఎక్కువైన ఇసుకతో పూసిన గోడకు వెంట్రుక పగుళ్లు వస్తాయి. జల్లెడ పట్టక తప్పని రోజు గాలి పక్క నుంచి వచ్చేలా నిలబడమనండి. ఇద్దరికీ ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. మాస్కు ముక్కు దగ్గర నొక్కి పెట్టుకోవాలి, గడ్డం గుబురుగా ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. అది కూలీ కొనుక్కోవాల్సిన వస్తువు కాదు, సిమెంట్ బస్తాలతో పాటు మీ లెక్కలో ఉండాల్సింది.

టైల్స్, గ్రానైట్ కోసే కట్టర్ జల్లెడ కంటే ప్రమాదం. ఒక్క గడప రాయి కోసేలోపు ఎదురిల్లు కనిపించకుండా పోతుంది. కట్టర్ మీద సన్నగా నీళ్లు పడుతుంటే ఆ పొగ లేవదు, బ్లేడు కూడా ఎక్కువ రోజులు వస్తుంది. మిషన్‌కు నీళ్ల పైపు లేకపోతే అడుగున కన్నం పెట్టిన బాటిల్ పట్టుకుని ఒక మనిషి పోస్తూ ఉండాలి. కరెంటు మిషన్ కాబట్టి వైరుకు అతుకులు ఉండకూడదు, లైన్‌కు షాక్ కొడితే పడిపోయే బ్రేకర్ ఉండాలి. వైరింగ్ పైపుల కోసం గోడ కోసేటప్పుడూ అంతే, ముందు గోడ తడపాలి. ఎండాకాలం నీళ్లెక్కడివి అంటారు. క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటును తడిపి ఉంచడానికి, ఎలాగూ డ్రమ్ములు నింపుతారు, అందులోంచి రోజుకు కొన్ని బకెట్లు దీనికి తీసి పెట్టండి.

మేస్త్రికి ఇంకో సంగతి చెప్పాలి. రోబో ఇసుక గరుకుగా ఉంటుంది, నీళ్లు ఎక్కువ అడుగుతుంది. మాల్ బిగుసుకుందని ఆయన బకెట్ నీళ్లు గుమ్మరిస్తే స్లాబ్ బలం పోతుంది. ముందే ఇంజనీర్‌తో మాట్లాడి ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మాల్‌ను జారుగా చేసే మందు) ఎంత కలపాలో రాయించుకోండి.

మిగతా ప్రత్యామ్నాయాల గురించి క్లుప్తంగా. థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకల రూపంలో కొనండి, విడి బూడిద ట్రాక్టర్‌తో తెచ్చి గల్లీలో పోయించొద్దు. పాత ఇల్లు కూల్చిన కాంక్రీటును పొడి చేసి ఇసుక బదులు వాడొచ్చని ఐఎస్ 383 ఒప్పుకుంటుంది, కానీ ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం దాకానే, అదీ ఎం25 అనే బలం గ్రేడు వరకే. మన చిన్న ఇళ్లకు ఆ లెక్కలు కుదరవు. కూల్చిన పెళ్లలు బేస్‌మెంట్ నింపడానికి వాడుకోవడమే మేలు. కూల్చేముందు గోడ తడపడం మర్చిపోవద్దు.

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి దేశమంతా పనికి పోయినవాళ్లకు, ఇప్పుడు ఊళ్లోనే పని దొరికినవాళ్లకు ఒక మాట. దుమ్ము బట్టలతో ఇంట్లోకి పోయి పిల్లల్ని ఎత్తుకోవద్దు. బట్టలు దులపకుండా నేరుగా నీళ్లలో వేయండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ దవాఖానలో టీబీ పరీక్ష చేయించుకోండి. డాక్టర్ అడగకపోయినా 'నేను ఇన్నేళ్లుగా రాయి కోస్తున్నాను' అని మీరే చెప్పండి. అది చెప్పకపోతే సిలికోసిస్‌ను టీబీ అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడుతూనే ఉంటారు. ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసి, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకుని లేబర్ కార్డు తీసుకోవాలి. మేస్త్రులు తమ ముఠాలో ఎవరికి కార్డు లేదో ఈ సీజన్ మొదట్లోనే చూడండి.

చివరికి మిగిలిన ఇసుక, పెళ్లలు గృహప్రవేశానికి ముందు రాత్రికి రాత్రి చెరువు కట్ట మీదో, నాలాలోనో పోయించకండి. రుసుము కడితే మున్సిపాలిటీ బండి వస్తుందేమో వార్డు ఆఫీసులో కనుక్కోండి. ఇల్లు ఊడ్చే రోజు చీపురు పట్టేముందు నేలంతా తడపండి.