వీఎం (వర్చువల్ మెషీన్) డిస్కుకి ఏ క్యాష్ మోడ్ పెట్టాలి?

కేవీఎంలో (లైనక్స్‌లో వీఎంలు నడిపే వ్యవస్థ) ఏం తోచకపోతే 'నన్' (none) పెట్టేయండి, కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్‌లో డిఫాల్ట్ కూడా అదే. హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) పేజ్ క్యాష్‌ని, అంటే దాని ర్యామ్‌లో డిస్కు డేటా దాచుకునే చోటుని, దాటేసి డేటా నేరుగా డిస్కు వైపు వెళ్తుంది కాబట్టి ఒకే డేటా గెస్ట్‌లో (వీఎం లోపలి ఓఎస్‌లో) ఒకసారి, హోస్ట్‌లో ఇంకోసారి ర్యామ్ తినదు. 'రైట్‌బ్యాక్' వేగంగా అనిపిస్తుంది, ఎందుకంటే డేటా హోస్ట్ ర్యామ్‌లో పడగానే రాసేశానని చెప్పేస్తుంది. గెస్ట్ ఫ్లష్ (డేటాని డిస్కుకి దించెయ్యమనే ఆదేశం) అడిగితే మాత్రం నిజంగానే డిస్కుకి దించుతుంది, అంతలోపు కరెంటు పోతే ఆ కాస్తా పోయినట్టే (నన్‌లోనూ డిస్కు సొంత క్యాష్ ఉంటుంది, మరీ ధీమా వద్దు). ఫ్లష్ పంపడం తెలియని పాత ఓఎస్‌కి 'రైట్‌త్రూ' (ప్రతి రాతనీ వెంటనే డిస్కుకి దించే మోడ్), రాతలు నత్తనడకే. 'అన్‌సేఫ్' ఫ్లష్‌నే పట్టించుకోదు: ఓఎస్ ఇన్‌స్టాల్ అయ్యేదాకా వాడుకుని, వీఎం పూర్తిగా ఆపి మార్చేయండి. యూపీఎస్ ఉందిలే అని డేటాబేస్ వీఎంకి అదే ఉంచేస్తారు కొందరు, హోస్ట్ కెర్నెలే క్రాష్ అయితే యూపీఎస్ ఏం చేస్తుంది?