ఫోమ్ జిగురు దెబ్బకు విరగకుండా రబ్బరు కలిపే పద్ధతి

జీడిమెట్లలో ఓ చిన్న జిగురు యూనిట్‌లో ఫార్ములేషన్ నా పని. ఓవెన్‌లో పొంగి గట్టిపడే ఎపాక్సీ ఫోమ్ మా సరుకు. రెండు రేకుల మధ్య సందు నింపి వాటిని పట్టి ఉంచుతుంది. మెల్లగా లాగితే బాగానే ఆగుతుంది, సుత్తి దెబ్బ పడితే మాత్రం అప్పడంలా విరిగిపోతుంది. రబ్బరు రేణువులు కలిపితే ఈ పెళుసుతనం తగ్గుతుంది.

మొదట్లో నేను పొడి రబ్బరును అన్నిటికంటే చివర వేసి కలిపేశాను. బజ్జీల పిండిలో శనగపిండి ఉండ కట్టినట్టు ఉండలు కట్టింది. రబ్బరు లేని జిగురు కన్నా అదే ముందు విరిగింది. ఎందుకంటే ఉండ దగ్గరే పగులు మొదలవుతుంది. రేణువు విడిగా ఉంటే కథ వేరు. పగులు దగ్గరికి వచ్చినప్పుడు రేణువు లోపల చిన్న ఖాళీ ఏర్పడుతుంది, దాని చుట్టూ ఉన్న ఎపాక్సీ సాగుతుంది, దెబ్బ బలం చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది.

అందుకే ఇప్పుడు కోర్-షెల్ రబ్బరును (లోపల మెత్తటి రబ్బరు, పైన గట్టి పొర ఉన్న సన్నటి రేణువులు) ముందే రెసిన్‌లో, అంటే గట్టిపడక ముందు ద్రవంగా ఉండే ఎపాక్సీలో, కలిపి అమ్మే మాస్టర్‌బ్యాచ్ రూపంలోనే తీసుకుంటాను. 25 శాతం రబ్బరు ఉన్న మాస్టర్‌బ్యాచ్ 40 గ్రాములు తీసుకుంటే అందులో 10 గ్రాములు రబ్బరు, 30 గ్రాములు రెసిన్. దానికి మామూలు ఎపాక్సీ రెసిన్ 70 గ్రాములు కలిపితే, 100 రెసిన్‌కు 10 రబ్బరు. నా లెక్కలో మొదలుపెట్టడానికి ఇదే మంచి చోటు. పొడే దొరికితే ముందు కొద్ది రెసిన్‌లో చిక్కటి ముద్దగా నూరి, తర్వాతే పలుచన చేయండి.

తర్వాత మెత్తగా పొడి చేసిన డైసీ హార్డెనర్ (డైసయాన్‌డయమైడ్, వేడికి రెసిన్‌ను గట్టిపరిచేది) 7 గ్రాములు, ఆ పనిని త్వరపరిచే యూరాన్ యాక్సిలరేటర్ 1 గ్రాము వేసి బాగా కలిపి, వాక్యూమ్ పెట్టి గాలి తీసేయండి. పొంగే మైక్రోస్ఫియర్లు (వేడికి ఉబ్బి ఫోమ్‌ను పొంగించే సన్నటి ప్లాస్టిక్ బుడగలు) 1.5 గ్రాములు అన్నిటికంటే చివర, మెల్లగా కలపాలి. కలిపేటప్పుడు వేడెక్కనివ్వకండి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, పొడులు తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి వచ్చిందంటే మళ్లీ పోదు.

ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర అరగంట. జిగురు పలుచగానే వేయండి. గిన్నెలో మందంగా పోసి పెడితే తన వేడికి తానే మాడి పొగ వస్తుంది. ఫోమ్‌లోంచి వేడి త్వరగా బయటికి పోదు కదా.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. రబ్బరు వేస్తే మిశ్రమం చిక్కబడి తక్కువ పొంగుతుంది. తక్కువ పొంగిన ఫోమ్ ఎలాగూ గట్టిగానే ఉంటుంది. ఆ గొప్ప అంతా రబ్బరుదే అనుకుని నేను కొన్ని నెలలు పోగొట్టుకున్నాను. రబ్బరు ఉన్నదీ లేనిదీ రెండిటినీ 2 సెంటీమీటర్ల ఘనాలుగా కోసి తూచండి. ఒకటి 4.8 గ్రాములు తూగితే సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములు. రెండో దాని సాంద్రత వేరుగా వస్తే, రెండూ సమానమయ్యేదాకా మైక్రోస్ఫియర్లు పెంచి లేదా తగ్గించి మళ్లీ చేయండి. పోలిక ఆ తర్వాతే.

టెస్టుకు ఐఎస్ఓ 11343 ప్రమాణం ప్రకారం అతుకులోకి చీలను వేగంగా దించి చీల్చే వెడ్జ్ మెషీన్ ఉంటే మంచిదే. లేకపోతే కిలో బరువును 10 సెంటీమీటర్ల చొప్పున ఎత్తు పెంచుతూ అతుకు మీద పడేయండి. ఒక్కో రకానికి కనీసం 5 ముక్కలు ఉండాలి. విరిగాక ఆ ముక్క పారేయొద్దు. లోహం నున్నగా బయటపడిందంటే జిగురు అంటుకోలేదని అర్థం, ఇంకెంత రబ్బరు వేసినా లాభం లేదు. అసిటోన్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తుడవండి. రెండు రేకుల మీదా జిగురు ఉండి, పగులు వెంట తెల్లబారితే రబ్బరు పని చేస్తున్నట్టే.

మరో 5 ముక్కలు రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే కొట్టండి. చలిలో కూడా నిలబడితేనే నేను ఆ బ్యాచ్ నంబరు పుస్తకంలో రాస్తాను.