పూతరేకుల ఊరికి అతిథుల్ని తీసుకెళ్లాలంటే

హోటల్ కిచెన్‌లో 14 ఏళ్లు చేసి మానేశాక, రాజమండ్రి నుంచి ఆత్రేయపురానికి జనాన్ని పూతరేకులు చూపించడానికి తీసుకెళ్తున్నాను. మీరూ ఇందులోకి దిగాలనుకుంటే బ్రోచర్ సంగతి తర్వాత, ముందు రేకు తీసే మనిషితో మాట్లాడుకోండి. ఆవిడకు రోజుకూలీ కాదు, వచ్చిన అతిథుల్లో తలకింత అని ఇవ్వండి. మొదట్లో నేను కూలీయే ఇచ్చాను. రెండో ట్రిప్పుకే ఆ అక్క రానంది. తప్పు నాదే.

బ్యాచ్‌కి 8 మంది చాలు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తారు. రేకు క్షణంలో లేస్తుంది. 20 మంది మూగితే పొయ్యి సెగ తప్ప ఇంకేమీ దక్కదు. ఉదయం 9 లోపే పెట్టుకోండి, ఎండెక్కితే అక్కడ నిలబడలేరు.

అతిథి చేత ఒక రేకు తీయించండి. చిరుగుతుంది, చిరగనివ్వండి. ఆ ముక్కకే నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి చేతిలో పెట్టండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు వచ్చిన జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు గురించి తింటుండగా ఒక్క మాట చెబితే సరిపోతుంది.

పేరొచ్చాక రిసార్టులు మెనూ సలహాకు పిలుస్తాయి. సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే రెసిపీ కాగితం ఇవ్వండి. నెయ్యి తగ్గించమంటే మాత్రం నేను లేచి వచ్చేస్తాను.