తేగలను ఇంట్లో వండుకొనే పద్ధతులు

తాటిపండ్లు తినగా మిగిలిన టెంకలను భాద్రపదంలో ఇసుక నేలలో పాతర వేస్తే, కార్తీకం దాటేసరికి వాటి మొలకలు జానెడుకు పైగా భూమిలోకి దిగుతాయి. అవే తేగలు. సంక్రాంతి వెళ్లేదాకా గోదావరి డెల్టాలోని సంతలలోనూ, రోడ్ల పక్కనా కట్టలు కట్టి అమ్ముతారు. తేగను ఏ విధంగా వండినా ముందుగా ఆలోచించవలసినది దాని పీచు సంగతే.

కొనేటప్పుడు మధ్యలో బొద్దుగా, చేతికి బరువుగా ఉన్నవాటిని ఏరుకోవాలి. సన్నగా, తేలికగా ఉండి, లోపల ఆకు తొడిగినవి నారగా మారి ఉంటాయి కనుక వాటిని ఎంతసేపు ఉడికించినా ప్రయోజనం ఉండదు.

ఉడకబెట్టడానికి పైపొట్టు ఒలిచి, ఇసుక పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, ఒక్కొక్క తేగను రెండు ముక్కలుగా విరిచి, కుక్కర్లో నిలువుగా పేర్చి, గ్లాసున్నర నీళ్లు, తగినంత ఉప్పు, చిటికెడు పసుపు వేయాలి. మొదటి కూత వచ్చాక మంట తగ్గించి మరో 20 నుంచి 25 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. చాలామంది తేగలు మునిగేదాకా నీళ్లు పోస్తారు గాని, అలా చేస్తే వాటి కమ్మదనమంతా నీళ్లలోకి దిగిపోతుంది. ఉడికిన తేగను నిలువుగా చీల్చి, మధ్యలో ఉండే, చందమామ అని పిలిచే సన్నని లేత మొలకను తీసి (పిల్లలున్న ఇంట్లో అది మీదాకా రాదు), లావుపాటి చివర నుంచి పీచును దారంలా లాగేసి తినాలి.

నా మట్టుకు నాకు కాల్చిన తేగే రుచి. దీనికి పొట్టు తీయకూడదు. పాత కుండలో తేగలను కదలకుండా బిగించి పేర్చి, నేలమీద బోర్లించి, చుట్టూ ఎండు తాటాకులు, కొబ్బరి డొక్కలు వేసి అరగంట మండించి, నిప్పు చల్లారేదాకా కుండను కదపకుండా వదిలేయాలి. పెరడు లేనివారు గ్యాస్ పొయ్యిమీద పుల్కాల జాలీ పెట్టి, చిన్న మంటపై తిప్పుతూ పొట్టు నల్లబడేదాకా కాల్చి, వెంటనే తడిగుడ్డలో చుట్టి పది నిమిషాలు ఉంచితే, లోపలి కండ ఆ ఆవిరికి మెత్తబడుతుంది.

వేపుడుకు ఉడికిన తేగలను పీచుకు అడ్డంగా, రూపాయి బిళ్ల మందాన కోయాలి. మొదటిసారి నేను దొండకాయల్లా నిలువుగా తరిగి వడ్డిస్తే, భోజనానికి వచ్చిన చుట్టాలు ముద్ద ముద్దకీ దారాలు తీసి విస్తరి అంచున పెట్టారు. అడ్డంగా కోస్తే పీచు ముక్కలై పంటికి తగలదు. ఆవాలు, మినపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపులో ఈ బిళ్లలను ఎర్రగా వేయించి, దించే ముందు ఉప్పు, కారం, గుప్పెడు పచ్చికొబ్బరి కోరు చల్లాలి.

మిగిలిపోయిన ఉడికిన తేగలను పల్చని బిళ్లలుగా కోసి, విరిస్తే టప్పున విరిగేదాకా ఎండలో పెట్టి, మరపట్టించి పల్చని గుడ్డలో జల్లిస్తే పీచు గుడ్డలోనే ఉండిపోతుంది. ఈ పిండికి జిగురు తక్కువ కాబట్టి రొట్టెకు నాలుగోవంతు బియ్యప్పిండి, బెల్లం కోరు కలిపి, వేడినీళ్లతో తడిపి, అరటాకు మీద తట్టి, సన్నసెగపై కాల్చుకోవాలి.