తేట నీళ్లలో బెండు వేసే ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు తేటగా ఉంటే చేప ఎరని నోట్లోకి తీసుకుని, కాస్త బరువు తగిలినా ఉమ్మేస్తుంది, అందుకే గాలం విసరకముందే ఇవి సరిచూసుకోండి.

బెండు, అంటే గాలం దారానికి కట్టి నీటిపైన తేలేలా ఉంచేది, సన్నది వాడండి. సీసపు గుండ్లు ఒక్కొక్కటే కలుపుతూ, కొన మాత్రమే నీటిపైన కనిపించేదాకా దించండి, ఎక్కువ తేలితే చిన్న కాటు అసలు తెలియదు. అన్నిటికన్నా చిన్న గుండు కొక్కేనికి దగ్గరగా ఉండాలి. చేప ఎరతో పైకి లేస్తే ఆ బరువు తగ్గి బెండు మునగదు, పైకి లేస్తుంది. అదీ కాటే, వెంటనే లాగండి!

లోతు ముందే కొలవండి.

గాలి ఉంటే కర్రకీ బెండుకీ మధ్య దారాన్ని నీటిలో ముంచండి, లేకపోతే గాలి దాన్ని తోసి బెండుని పక్కకి లాగేస్తుంది. కొక్కెం దగ్గర దారం సన్నగా ఉంటే మంచిదే, కానీ పెద్ద చేపలున్న చోట మరీ సన్నది వద్దు, తెగితే కొక్కెం పాపం దాని నోట్లోనే ఉండిపోతుంది. మీ నీడ నీళ్లమీద పడనివ్వకండి.